చిలక్కి గడి లేదు

చీపురుపల్లి దాటాక ఎర్రమట్టి దారి
నడిమివలస గెడ్డ దగ్గర ఆగిపోతుంది.
అక్కడే, ముళ్లకంచె లోపల పదిహేను సెంట్ల మొక్కజొన్న.
ఆకు కొరికితే కొరికిన పురుగే చచ్చే విత్తనం.
గేటుకి రెండు తాళాలు. ఒకటి నాది,
ఒకటి కావలి అసిరినాయుడిది.

నా పని లెక్క.
సంచి విప్పినప్పుడు గింజలు లెక్క,
మొలిచినవి లెక్క,
మొలవనివి తవ్వి తీసి మళ్లీ లెక్క.
జల్లు తొంగిచూసిన రోజు తెల్లారగట్లే
లెంక తవిటమ్మ, ఆమె కోడలు, ఇంకో ఇద్దరు
మొక్క మొక్కకీ కాగితం టోపీ తొడిగారు.
"పెళ్లికొడుకులకి ముసుగెట్టినట్టున్నాది" అని నవ్వి
నవ్వులోనే పిన్ను గుచ్చుకుని వేలు చప్పరించుకున్నారు.

పుప్పొడి దాటకూడదు.
రెండొందల మీటర్లు అన్నారు ఢిల్లీలో.
నడిమివలసలో ఆ రెండొందల మీటర్ల పేరు
పొట్నూరు రాజులమ్మ ఎకరం ముప్పావు.
ఆ ఏడు ఆవిడ మొక్కజొన్న వేయకూడదు.
వేలిముద్ర తీసుకున్నాం, పరిహారం రాశాం,
ఆవిడ గోగు చల్లుకుంది.
"గాలికి గట్టెయ్యడానికి నా చేనే దొరికినాదేటి?"
కోపంగా కాదు. బజార్లో ధర అడిగినట్టు.

ఈ పంటకి నేను శత్రువుని కాను.
మందు కొట్టి వచ్చిన తవిటమ్మ మొగుడు చొక్కా విప్పితే
వీపు నిండా పొక్కులు చూశాను.
అలాగని చుట్టాన్నీ కాను.
తెలియనిదాన్ని తెలియదనే రాయమని
నాకు జీతం.

కోత రోజు.
పొత్తులు ఆరువందల నలభై ఉండాలి.
రెండుసార్లు నేను లెక్కపెట్టాను. మూడోసారి తవిటమ్మ
ఒకటి అనకుండా "లాభం" అని మొదలెట్టి, కళ్లంలో కొలిచినట్టు.
ఆరువందల ముప్పై తొమ్మిది.

అసిరినాయుడు తువ్వాలు దులిపి చూపించాడు.
పంచె మడత విప్పి చూపించాడు.
నేను అడగలేదు.
"సిలక, బాబూ. పొద్దుగూకేవేళ
ముక్కున కరుసుకుని గెడ్డ మీంచి ఎల్లిపోనాది.
కేకేసినాను. ఆగుతాదేటి? రాసుకో."

చిలక పొత్తుని పొత్తుగా మోయగలదా?
అతని మనవరాలు కంచె అవతల
నోరు గట్టిగా మూసుకుని నిలబడి ఉంది.
ఆ ప్రశ్న నేను వేయలేదు.

ఫారంలో గడులున్నాయి:
కాల్చినవి, పూడ్చినవి, పరీక్షకి పంపినవి.
చిలక్కి గడి లేదు.
అంచున పెన్సిలుతో "పక్షి" అని రాశాను.
పై ఆఫీసు నీలవేణి మేడమ్ చూసి
"దిద్దండి" అన్నారు.
చెరపమనో, పెన్నుతో గట్టిగా రాయమనో చెప్పలేదు.

మిగతావి గోతిలో పోసి కిరసనాయిలు చల్లాం.
పేలాల వాసన.
ఊరి పిల్లలు కంచె దాకా వచ్చి
కాసేపు గాలి పీల్చి వెళ్లిపోయారు.

రూలు ప్రకారం ఆ నేలని ఏడాది చూడాలి. చూశాం.
ఫైలు మూశారు. కంచె పీకి తూకానికి అమ్మారు.
అసిరినాయుడు విజయనగరంలో ఏదో అపార్టుమెంటు గేటు దగ్గర చేరాడు.
రాజులమ్మ మళ్లీ మొక్కజొన్నే వేస్తోంది.

తొలకరి పడ్డాక మాత్రం ఒక ఆదివారం
ఎవరూ పంపకుండానే బస్సు దిగి
గెడ్డ వెంట నడుస్తాను.

మొన్న ఇసుకమేట మీద ఒక మొక్క. అయిదాకులు.
రాజులమ్మ చేలోంచి వాన తోసుకొచ్చిందో,
ఏ బండి బస్తాలోంచి రాలిందో,
చిలక ఎంగిలో.
సంచి తెరిచి పట్టుకుని, మోకాళ్ల మీద వంగి,
ఆకు తిప్పి, ఇంకో ఆకు తిప్పి,
ఎక్కడైనా పురుగు కొరికిన కన్నం
ఒక్కటంటే ఒక్కటి కనిపిస్తుందేమోనని
చాలాసేపు వెతికాను.