అరుగుదల

రైల్వే ఇనిస్టిట్యూట్ హాల్లో
ఫినాయిల్ వాసన ఇంకా పోలేదు.
నా చేతిలో అట్ట, అట్టకి క్లిప్పు, క్లిప్పుకి కాగితం,
కాగితం మీద ఆరు గళ్ళు.
పాట మొదలయ్యే ముందు, ఎప్పటిలాగే,
కళ్ళద్దాలు తుడుచుకుని
నేల వైపే చూశాను.

క్విక్‌స్టెప్‌ని ముఖంలో చూసేవాళ్ళు మోసపోతారు.
నవ్వడం అందరికీ వస్తుంది.

మూడో నంబరు, కంటోన్మెంటు కుర్రాడు,
నల్లకోటు తోకలు ఎగరేస్తూ
గంతు మీద గంతు వేశాడు.
హాలంతా ఈలలు.
సమోసా కొరకబోయిన స్టేషన్ మాస్టరు గారి భార్య
కొరకడం మరిచిపోయింది.
గంతు ఎత్తుకి కాదు మార్కు, దిగడానికి.
వాడు దిగిన ప్రతిసారీ
చెక్కనేల, బియ్యం బస్తా పడ్డట్టు మూలిగింది.

తర్వాత ఆరో నంబరు.
లెంక హైమావతి, పెద్దాసుపత్రిలో నర్సు.
డేనియలు, గూడ్సు బండి గార్డు.
వాళ్ళు నేల మీదకి వచ్చిన చప్పుడే లేదు.
ముందుకు వేసే అడుగులో మడమ మొదట,
మడమ నుంచి మునివేళ్ళకి బరువు
అంచుదాకా పాలున్న గిన్నెలా
తొణక్కుండా.
పక్కడుగులో పాదం పాదాన్ని చేరాలి, తాకాలి,
అప్పుడే విడిపోవాలి.
అందరూ దొంగతనం చేసేది అక్కడే.
ఈ పరుగులో ఎవరు చూస్తారులే అని
రెండు వేళ్ళ జాగా మిగిల్చేస్తారు.
వీళ్ళు మిగల్చలేదు.
వేగమంతా కాళ్ళలో ఉంది.
భుజాలకి ఆ సంగతి తెలీదు.

అర్ధరాత్రి వార్డులో
ఎవరి నిద్రా చెడకుండా
మంచాల మధ్య నడిచే నడక ఆమెది.
ఊగే బ్రేకు పెట్టెలో
పచ్చదీపం పట్టుకు నిలబడే నిలకడ అతడిది.
ఇవన్నీ రాయడానికి గడి చాలదు.
ఒకటి వేశాను.

మిగతా ఇద్దరు జడ్జీలు మూడో నంబరుకి వేశారు.
ఒకాయన నా కాగితంలోకి తొంగిచూసి
"జనాన్ని చూశారా మాస్టారూ?" అన్నాడు.
చూశాను.
జనానికి ఆ సాయంత్రం చేతులే ఉన్నాయి, కాళ్ళు లేవు.

సోమవారం, మూడు లాంతర్ల దగ్గర
చిరిగిన గొడుగు కింద గురువులు.
చెప్పులు కుట్టే ఆయన పేరే అది,
తండ్రి పెట్టింది, ఎవరూ ఇచ్చిన బిరుదు కాదు.
నలభై ఏళ్ళుగా ఈ ఊరి నడకని
తలకిందులుగా చూస్తున్నాడు.
ముందర రెండు జతలు బోర్లించి ఉన్నాయి.

"ఇదెవురిదో గానీ బాబూ,"
వెండిరంగు చెప్పు అడుగుని బొటనవేలితో రాస్తూ అన్నాడు,
"మడం ఎనకాల సూడండి, గీత గీసినట్టు అరిగినాది.
ముందర రూపాయి బిళ్ళంత గుండ్రం.
లోపలంచు అద్దంలాగ మెరిసిపోతంది.
ఈ రెండు కాళ్ళూ
ఒకదానికొకటి సెప్పకుండా ఎక్కడికీ ఎల్లవు."

రెండోది నల్లది, ఖరీదైన బూటు.
"దీని ముక్కు సితికిపోనాది. మడం కొత్తదే.
ఈ గుంటడు బూమ్మీద వాలడు బాబూ,
పడతాడు."

నాకెంత హాయి!
మిగతా ఇద్దరినీ రిక్షా ఎక్కించి
ఇక్కడికి లాక్కురావాలనిపించింది.
ఆ సంతోషంలోనే ఉండగా
"మీవీ ఇప్పండి," అన్నాడు.

కుడికాలి చెప్పు తిరగేసి చూశాడు.
చాలాసేపు మాట్లాడలేదు.
దారానికి మైనం పట్టించాడు.
"బయటంచంతా పోనాది.
మీరు నేలని నమ్మరు బాబూ.
ఎవురో లాగేస్తారన్నట్టు
పక్కపక్కకే నడుస్తారు."

ఎంత అని అడిగాను.
నలభై అన్నాడు, కుట్టుకి మాత్రమే.

పదకొండు గంటల ఎండ.
ఆయన పరిచిన పాత పేపరు పైన
ఉత్తపాదం గాల్లో ఆగింది.
పేపరు కింద తారు మెత్తబడి ఉంది.
మడమ మొదట దించాలా, వేళ్ళు మొదటా,
ముప్పై ఏళ్ళుగా మార్కులు వేస్తున్నవాణ్ణి,
నాకు గుర్తు రాలేదు.