పుట్టుమచ్చ

మా ఊరి పేరు వూచ్.
మా భాషలో పడవ అని అర్థం.
పడవ తిరిగేంత నీళ్ళు ఎక్కడా లేవు,
ఉన్న ఏరుల్ని ఎప్పుడో గొట్టాల్లో పెట్టి
పైన ట్రామ్ పట్టాలు పరిచారు.
నీళ్ళంటూ కనిపించేది ఈ నేలమాళిగలోనే,
నేను తెరలు కడిగే తొట్టిలో.

బోగ్నా అచ్చు వేస్తుంది, నేను కడుగుతాను.
ఆరేళ్ళయింది.
జీతానికీ, మధ్యాహ్నం బీట్‌రూట్ చారుకీ.

ఒకప్పుడిది బట్టల మిల్లు.
గోడకి మేకు కొడితే ఇప్పటికీ తుమ్మొస్తుంది.
ఆదివారం సంతలో కిలోల లెక్కన కాగితాలు కొంటుంది బోగ్నా:
అగ్గిపెట్టెల మీది బొమ్మలు, చిల్లుపడ్డ ట్రామ్ టికెట్లు,
ఎవరో పళ్ళ డాక్టరు రాసిన రసీదులు,
ఒక పెళ్ళి విందు జాబితా, పెళ్ళికూతురి పేరు మీద జామ్ మరక.
"పాఠ్యపుస్తకం అబద్ధమాడుతుంది,
రసీదు ఆడదు" అంటుంది,
పళ్ళ మధ్య కత్తెర. సగం మాటలు కత్తెరకే పోతాయి.

అలా దొరికింది ఆ సబ్బుపొడి డబ్బా.
మీద ఒకామె, తలకు చుక్కల గుడ్డ,
ఆరేసిన దుప్పటి పక్కన నవ్వుతూ.
లోపల పొడి గడ్డకట్టింది గానీ వాసన చావలేదు.

ఆ ముఖాన్ని మనిషెత్తు పెంచింది బోగ్నా.
తలగుడ్డ నిండా ట్రామ్ టికెట్లు,
పళ్ళ బదులు పళ్ళ డాక్టరు రసీదులు,
చెంపలు చవక మిఠాయి గులాబీ,
దుప్పటి ఆసుపత్రి ఆకుపచ్చ.
రబ్బరు పలక ఒక్క ఊపున లాగితే
తడిగుడ్డ చిరిగిన చప్పుడు,
ఒక నవ్వు లేచి దండెం మీదికెళ్ళేది.
నలభై నవ్వులు.
అచ్చుగుద్దినట్టున్నాయి అన్నారు చూసినవాళ్ళు.
అచ్చు గుద్దేవాణ్ణి అడగండి ఆ మాట సంగతి.
మూడోదానికి పెదవి పక్కకి జరిగింది,
పదకొండోది ఏదో విని మానుకున్నట్టుంది,
ఇరవయ్యారోది, నిజం చెబుతున్నా, నవ్వడం లేదు.

మొదట్లో ఒక ఇబ్బంది వచ్చింది.
తెరలో, దవడ దగ్గర, సూదిమొనంత చిల్లు.
ఎమల్షన్ పూసినప్పుడు ధూళి పడి ఉంటుంది,
అదే పాత నూలు ధూళి.
మా పనిలో చుక్కంటే తప్పు.
వెనకనుంచి టేపు అంటించాను.
చుక్కపడ్డ కాగితం చింపేశాను.

ఫిబ్రవరిలో ఒక ముసలామె మెట్లు దిగి వచ్చింది,
ఒక్కో మెట్టు మీదా కర్రని సంప్రదిస్తూ.
ట్రామ్ స్టాపులో పోస్టరు చూసిందట.
పేరు లెయొకాడ్యా. పై అంతస్తులో నేత పనిచేసేదట.
"ఫొటోగ్రాఫరు మగ్గం దగ్గర్నుంచి లేపి తీసుకెళ్ళాడు.
కూలికి రెండు డబ్బాల పొడి."
బోగ్నా కత్తెర కింద పెట్టింది.
డబ్బు అడుగుతుందనుకున్నాం ఇద్దరమూ.

"ఇక్కడ నాకు పుట్టుమచ్చ" అని
ఎడమ చెంప చూపించింది, కందిగింజంత.
"తీసేశారు.
సబ్బుపొడి డబ్బా కదా,
మరకనుకుంటారు కొనేవాళ్ళు."

నేను తొట్టి వైపు చూశాను.
తర్వాత తెర దగ్గరికెళ్ళి టేపు పీకాను.
ఆమె వంగి చూసింది, తల అడ్డంగా ఊపింది.
"అక్కడ కాదు బాబూ. రెండు వేళ్ళు పైన."

బోగ్నా చెవిపోగు తీసి, దాని మొనతో
ఆ రెండు వేళ్ళ పైన ఎమల్షన్ గీరింది.
ఆరేళ్ళుగా చిల్లులు మూసినవాణ్ణి,
ఊపిరి బిగబట్టుకుని తెర చట్రం పట్టుకున్నాను.
నలభై ఒకటో కాగితం లేచింది,
చెంప మీద ఒకటి, దవడ మీద ఒకటి.
లెయొకాడ్యా చాలాసేపు చూసి
"ముక్కు నాది కాదు" అంది.

బొమ్మ ఇస్తామంటే వద్దంది, గోడ లేదట.
డబ్బా అడిగింది.
మూత తీసి వాసన చూసి, ముఖం తిప్పుకుంది.
"దీంతో ఒక్కసారీ ఉతకలేదు.
చేతులు మండేవి."

సాయంత్రం తెర ఖాళీ చెయ్యమంది బోగ్నా,
వచ్చేవారం సార్డీను చేపల డబ్బా.
నీళ్ళు వదిలాను.
ముందు తలగుడ్డ జారింది, తర్వాత నవ్వు,
గులాబీ రంగు సుడి తిరిగి గొట్టంలోకి,
ట్రామ్ పట్టాల కిందికి.
చేతులు తుడుచుకుంటే
బొటనవేలికి అంటుకుని ఉంది, ఇంకా,
ఆ టేపు ముక్క.