గొంతు దగ్గర

రాత్రి పదింటికి డ్యూటీ ఎక్కుత.
సోహార్ పట్నం వాడుకొని వదిలిన నీళ్ళన్నీ
ఈ సిమెంటు కాలువల పడి నా దగ్గరికే రావాలె.
కాలువ ఉన్నట్టుండి ఇరుకైతది,
అడుగు జానెడు కిందికి జారుతది,
ఇరుకుల పడ్డ నీళ్ళు ఉరికి, గొంతు దాటి
అవతల వెడల్పుల పడి తేరుకుంటయి.
కాగితాల మీద దీని పేరు ఫ్లూమ్.
షఫీకుల్ మాత్రం గలా అంటడు.
"గలా ల ఎంత?" అని వాకీటాకీల అడుగుతడు.

గొంతుకు ఇవతల, గోడకు గీతల పట్టీ.
నీళ్ళు ఏ గీత దాక ఉన్నయో చూసి గంటకోసారి రాయాలె.
పైన సెన్సార్ ఉంది, కాదనను.
లాండ్రీల సబ్బు నురగొస్తే
అది నురగనే నీళ్ళనుకుంటది.
అందుకే జీతమిచ్చి నా కండ్లను పెట్టుకున్నరు.

మూడు గంటలకు ఇరవై ఒకటి.
డ్యూటీ దిగేటప్పుడు నలభై రెండు.
లోతు రెట్టింపైతే నీళ్ళు రెట్టింపనుకునేరు,
దగ్గర దగ్గర మూడింతలు.

పట్నం చేసిన పని నలభై నిమిషాలకు నాకెరుక.
రంజాన్ నెలల నడిరాత్రి వంటిండ్లు లేస్తయి,
మూడింటికే ముప్పై ఆరు.
ఫుట్‌బాల్ ఫైనల్ నాడు సగం ఆట దాక కాలువ పడుకున్నది,
తర్వాత ఒక్కసారిగ ఐదు గీతలు లేచింది.
ఎవరు గెలిచిన్రో తెల్వదు,
అందరూ ఒక్కపాలే కుర్చీల నుంచి లేచిన్రని తెలుసు.

వాదీ పొంగిన రాత్రి
అవతల నీళ్ళు నిండి వెనక్కి తన్నినయి.
అట్లయినప్పుడు గొంతు చెప్పేది నమ్మొద్దు,
పట్టీ ఎక్కువ చూపుతది, పారేది తక్కువ.
రిజిస్టర్ల "మునిగింది" అని రాసి సంతకం పెట్టిన.

నాసర్ సార్ తాతకు ఫలజ్ నీళ్ళల్ల వంతు ఉండేదట.
అర్ధగంట వంతును అథర్ అంటరట,
రాత్రిపూట గుట్ట మీద చుక్క పొడిచేదాక ఆగి
మడ తిప్పేటోడట.
"కరువొస్తే?" అన్న.
"అర్ధగంట అర్ధగంటే. నీళ్ళే సన్నం" అన్నడు.

మా క్యాంపుకు ఈ లైను లేదు.
మూడువందల పన్నెండు మందిమి.
మా స్నానాలు, మా కుడితి,
రాజమల్లు పిసికి పారేసే చింతపండు పిప్పి నీళ్ళు,
అన్నీ గుంతల పడి, ట్యాంకరెక్కి వచ్చి
గొంతు దాటినంక ఉన్న తొట్టిల పడతయి.
మాకు గీతలు లేవు.
చిట్టీలు. రోజుకు ఆరు ట్రిప్పులు.

మొన్న మూడింటికి, ఎవరూ లేనప్పుడు,
ఫ్లాస్కుల మిగిలిన చాయ
పట్టీకి పైన కాలువల వంపిన.
టార్చి వేసి చూసిన.
ఇరవై ఒకటి.
మోకాళ్ళ మీద కూసోని, ఇంకా వంగి చూసిన.
ఇరవై ఒకటే.

"గలా ల ఎంత?" అన్నడు షఫీకుల్.
"చాయతోటి కలిపి ఇరవై ఒకటి" అన్న.
కొద్దిసేపు వాకీటాకీ గురగురమన్నది.
తర్వాత అడిగిండు,
"చక్కెరేసినవా?"