ఐదో గడి

తాడిపత్రిలో, నంద్యాల రోడ్డు మీద,
పంక్చర్ షాపుకూ చికెన్ సెంటరుకూ నడుమ
నా నెట్ సెంటర్.
ఈ వారమంతా ఢిల్లీ పరీక్ష దరఖాస్తులే.
పిల్లలు కుర్చీ కొసన కూచుంటారు,
"నువ్వే ఏదో ఒకటి పెట్టన్నా" అంటారు.
పెడతా.
అందరికీ అవే ఐదు టిక్కులు,
పెండ్లి పత్రిక మీద వినాయకుడి మాదిరి.

కుళ్ళాయమ్మ మాత్రం
అరచేతిలో బాల్‌పెన్నుతో రాసుకోని వచ్చింది.
చెమటకు సగం చెరిగింది.
"ఫస్టు చరిత్ర పెట్టన్నా."
పక్కన చిన్నాయన కొడుకు ఓబులేసు, బీటెక్ మూడో ఏడు:
"చరిత్ర చదివి ఏం జేస్తావ్‌మే?
లెక్కలు పెట్టు, ఎందుకైనా మంచిది."

ఎందుకైనా మంచిది.
ఆ మాట విని ఎంపీసీలో చేరినోణ్ణే నేనూ.
రెండు మార్చిలు, రెండు సప్లిమెంటరీలు.
ఇప్పుడు పేజీకి రెండ్రూపాయల లెక్క మాత్రం తప్పు పోను.

మౌసు జరిపేకొద్దీ సబ్జెక్టులు కిందికి దిగుతాంటాయి.
ఒక్కోటీ చదివిందాకా ఆ పిల్ల ముందుకు పోనీలేదు.
"ఆంత్రపాలజీ అంటే ఏందన్నా?"
నాకేం తెలుసు. వెతికి చెప్పినా,
"మనుషుల గురించంట."
"కుళాయి కాడ ఆరేండ్లు బిందె పట్టుకోని నిలబడినా,
దానికేమన్నా మార్కులేస్తారా?"
ఓబులేసు గూడ నవ్వినాడు.

చరిత్ర. రాజనీతి. ఇంగ్లీషు.
నాలుగోది తెలుగు.
"తెలుగుకు పరీక్షేందే, అది మనకొచ్చిందే గదా!"
"వచ్చిందొకటన్నా ఉండొద్దా?"

వాళ్ల ఊర్లో పెన్న గట్టున ఒక రాయుందంట,
కొడవళ్లు నూరీ నూరీ నడుము అరిగిన రాయి.
దాని మీద అక్షరాలు.
తొమ్మిదిలో ఉన్నప్పుడు బలపం పొడి రుద్ది
ఒక 'శ్రీ', ఒక 'భూమి' చదివిందంట.
మిగతాది ఎవురినడిగినా
"అది కొడవళ్ల రాయిమే" అన్నారంట.

ఓటీపీ వాళ్ల నాయన ఫోనుకు పోయింది.
ఆయన నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలో.
రంపం కింద బండ అరుస్తాంటే
దానికంటే గట్టిగా ఆయన.
"మూడా, ఏడా నాయనా?"
"ఏడమ్మా! వారానికెన్ని దినాలో, అది!"
టైం అయిపోయింది. మళ్లీ పంపించినాం,
మళ్లీ అరిచినాడు.
ఏ పరీక్ష, ఎందుకని ఆయనకెవురూ చెప్పలేదు,
ఆయనా అడగలేదు. అంకెలు మాత్రం ఇచ్చినాడు.

ఇంక ఐదో గడి.
"జనరల్ టెస్టు పెట్టేద్దామా? అందరూ పెడతాండారు."
బయట బండల లారీ పోయిందాకా ఆలోచించింది.
"ఖాళీగా ఉండనీలేన్నా."
"సీటుకు అడ్డమైతే?"
"ఆ రాయి మీద గూడ నడుమ ఖాళీలే ఎక్కువ.
అటూ ఇటూ ఉండేది చదువుకుంటా పోవాల."

నాకు మనసొప్పలేదు.
మౌసు మీద వేలు పెట్టి ఆగినా,
చెప్పకుండా ఒక టిక్కు పెట్టేద్దునా అని.
ఆ పిల్ల తెర చూడ్డం లేదు.
నా వేలు చూస్తాంది.

సబ్మిట్.
చక్రం తిరిగింది, తిరిగింది.
దేవుని దయ, కరెంటు పోలేదు.
నాలుగు పేజీల ప్రింటు, ఎనిమిది రూపాయలు.
పది ఇచ్చింది. చిల్లర లేదన్నా.
"రెండ్రూపాయలకు తెల్ల కాగితం ఇయ్యి" అనింది,
"పెద్దది ఉంటే చూడన్నా,
రాయి మీద పరిచేంత."