ఇత్తడి బిళ్ళ

జడ్చర్ల దాటినంక మందుల కంపెనీ.
ప్యాకింగు షెడ్డుల నలభై రెండు మంది ఆడోళ్లం,
గోడ మొలకు రెండు ఇత్తడి బిళ్ళలు.
బిళ్ళ చేతిల ఉంటెనే బాత్రూముకు పోవాలె.
ప్రభాకర్ సారు గడియారం జూసి రాసుకుంటడు,
నాలుగు నిమిషాలు దాటితే గంట కూలి కోత.

మేం డబ్బాలల్ల నింపేటివీ బిళ్ళలే.
ఒంటి నొప్పికి, ఒంటేలు మంటకు,
యే దేశమోళ్లు మింగుతరో.

అదే గోడకు అద్దం కట్టిన చట్టం ఉంది.
వారానికోపారి తడిబట్టతోటి తుడిచేది నేనే.
ఏడు దాక సదివిన, కూడబలుక్కొని సదివితే
ఇరవై ఐదు మంది ఆడోళ్లకు ఒక మరుగుదొడ్డి అని ఉంది.
లెక్క సరిపోయింది, రెండున్నయి.
సబ్బు గూడ పెట్టిండ్రు.
బిళ్ళ సంగతే యాడా రాయలే.
రాసినాయన ఎన్నడూ లైన్ల నిలవడ్డోడు గాదేమో.

తనిఖీ సారొచ్చిన దినం
మొలకు బిళ్ళలు లేవు, ప్లాస్టిక్ పూలదండ ఉంది.
"ఏమన్న ఇబ్బందా అమ్మా?" అన్నడు.
ప్రభాకర్ సారు పక్కనే ఉండె.
లేదు సారూ అన్నం.
మేం చెప్పిందే రాసుకపోయిండు,
అబద్ధం ఆయనది గాదు.

గేటు కాడ చాయ్ బండి, ఆడ ఊశన్న యూనియన్,
ఎర్రట్ట రశీదు బుక్కు.
"మాది పర్మినెంటోళ్ల లిస్టు చెల్లే,
మీరు కాంట్రాక్టు. ఏ కాలంల రాయాలె మీ పేరు?"
బోనసంటే గేటు దద్దరిల్లే గొంతు ఆయనది,
ఒంటేలు మాట వచ్చేసరికి
గలాసల అడుగు చూసుకున్నడు.

మణెమ్మ నీళ్లు మానేసింది.
రాజాపూర్ల బస్సెక్కేముందు
పుక్కిలించి ఉమ్మేసేది, అంతే.
ఎండకాలం పోకముందే కిడ్నీల రాయన్నరు.
ఈఎస్ఐ దవాఖానల చీటీ రాసిచ్చి
ఆ గోళీ స్టాకు లేదన్నరు.
ఆ గోళీ మా మూడో బెల్టు మీద
పొద్దందాక పోతది.

సోమ్లే అన్నది, తంబాకు నోట్ల దోపుకుంట:
"రేపు అందరం కడుపునిండ తాగుదాం."

తాగినం.
బాటిల్లకు బాటిల్లు, ఎక్కిళ్లొచ్చేదాక.
పదిన్నరకు ఒక్కపారే లేసినం,
బిళ్ళ కోసం లైను గట్టినం.
జెండా లేదు, నినాదం లేదు,
మోకాళ్లు మాత్రం ఒకదానికొకటి ఒరుసుకుంటున్నయి.
మనిషికి నాలుగు నిమిషాలు,
లెక్క మీదే గద సారూ!
బెల్టు నడుస్తనే ఉంది,
బిళ్ళలు కుప్పవడి కుప్పవడి
కిందికి దొర్లినయి, తెల్ల జొన్నల లెక్క.
ఎవ్వరం వంగలే.
వంగితే ఆగేటట్టు లేకుండె గూడ.

పొద్దుగూకేసరికి గోడకు మొలనే మిగిలింది.
ఆఫీసు కాయితంల "సమస్య పరిష్కరించబడినది."
ఊశన్న కరపత్రంల "యూనియన్ ఘన విజయం."
రాసుకోనీ.
పది రూపాయలిచ్చి నేను గూడ రశీదు తీసుకున్న,
నా పేరుకు కొత్త కాలం ఒకటి
స్కేలు పెట్టి గీయించి మరీ.

నెల తిరగలే.
సోమ్లి, ఖాజాబీ, నేను,
ముగ్గురి పేర్లు కాంట్రాక్టరు రిజిస్టర్ల లేవు.
కొట్టేసింది గాదంట, ఎన్నడూ లేకుండెనంట.
ఐదేండ్లు ఆ అద్దం తుడిచింది ఎవరు మరి?

ఇప్పుడు ఊశన్న టీవీఎస్ ఎనక కూసొని
లేబర్ కోర్టుకు పోతున్న.
అద్దంల ఉన్న అక్షరాలే
వకీలు నోట్ల ఇంగ్లీషుల ఇనవడితే
నా చేతులకు తడిబట్ట గుర్తుకొస్తది.
మూడు వాయిదాలైనయి. జడ్జి సెలవు,
కంపెనీ వకీలుకు జరం,
మొన్నటిది ఎందుకో చెప్పలే.

ఆడ గూడ ముందుగాల అడిగింది అదే:
బాత్రూం యాడుంది?
తాళమేసి ఉంది. చెవి అటెండరు దగ్గరుందంట,
అటెండరు భోజనానికి పోయిండంట.

రాత్రి సోమ్లికి ఫోన్ జేసిన.
సోమారం మళ్ల వాయిదా,
షెడ్డుల ఉన్నోళ్లకు గూడ చెప్పు,
సెలవు దొరికినోళ్లు దొరికినంతమంది రావాలె,
వచ్చేటోళ్లు
నీళ్లు తాగి రండ్రి.