తురుపు కుట్టు

రిచీ స్ట్రీట్‌లో కొట్టువాడు అడిగాడు:
"ఎదుక్కు మేడమ్, ప్రాజెక్టుకా?"
రవికకి, అన్నాను.
ఇంకోసారి నన్ను చూసి
చిల్లర లెక్కపెట్టాడు.

వెండిరంగు దారం. కరెంటు నడిచే దారం.
సూదిలోకి మాత్రం
మామూలు దారంలాగే ఎక్కనంటుంది.

ఇడ్లీ పిండి రుబ్బి, యూనిఫారాలు ఆరేసి,
ఏడో ఎక్కం దగ్గర ఆగిపోయిన చిన్నాణ్ణి
పడుకోబెట్టాక, పది దాటాక
నాకు మిగిలేది ఇరవై నిమిషాలు.
అందులో కత్తెర వెతకడానికే ఎనిమిది.

మూడు రాత్రులు కుట్టాను.
చేతి అంచు పొడుగునా ఐదు బుల్లి దీపాలు.
ఒక్కటీ వెలగలేదు.

అత్తయ్య కళ్లజోడు పైకి తోసి
రవిక తిరగేసింది.
"పైకి బాగానే ఉందే.
లోపల చూడు, రెండు దారాలూ ఒరుసుకుంటున్నాయి."
కరెంటు గురించి ఆవిడకి తెలిసింది
బిల్లు కట్టే తారీఖు ఒక్కటే.
పెరంబూరులో నలభై ఏళ్లు రవికలు కుట్టింది.

మధ్యన పాత లంగా గుడ్డముక్క పెట్టి
తురుపు వేసింది.

బిళ్ల బ్యాటరీ దూర్చాను.
నాలుగు వెలిగాయి.
ఐదోది రేపు చూద్దాంలే, అని ఆవలించి,
వెలుగుతున్న రవిక భుజాన వేసుకుని
గ్యాసు కట్టేశామో లేదో చూడ్డానికి
చీకటి వంటింట్లోకి వెళ్లింది.