కరెంటు పోయిన పూట

కోవూరు ఆసుపత్రిలో నా గది
ఒకప్పుడు ఎక్స్‌రే గది.
గోడకింకా రెండు కొక్కేలున్నాయి,
ఎముకల బొమ్మలు ఆరేసినవి.
ఒక బల్ల, రెండు కుర్చీలు,
బేరింగు అరిగి కటకటలాడే ఫ్యాను.

బుధవారం బుధవారం వస్తాడు
తుపాకుల పోలయ్య,
రామతీర్థం పక్కన రొయ్యల గుంటలకి కాపలా మనిషి.
అల్లుడు బలవంతాన తెచ్చి దించి
తను బయట బెంచీ మీద బీడీ వాసనతో కూర్చుంటాడు.

"నిద్ర పట్టదుమా" అన్నాడు మొదటి వారం.
రెండో వారమూ అంతే.
మూడో వారం, చీటీ మీద ఏదో గిలుకుతూ
"నాకు అర్థమైంది" అన్నాను.
ఆయన నా పెన్ను వంక చూశాడు.
"ఏం అర్థమైందిమా?
నాకే ఇంకా కాలా."

ఎమ్మేలో
సహానుభూతి పది మార్కుల ప్రశ్న.
లక్షణాలన్నీ వరసగా రాసి, కింద గీతలు కొట్టి
ఏడున్నర తెచ్చుకున్నాను.
మిగతా రెండున్నర
ఈయన దగ్గర ఉండిపోయినట్టుంది.

పెన్ను సొరుగులో పడేశాను.
తరవాత వారాలన్నీ రొయ్యల కబుర్లే:
మబ్బు పట్టిన రాత్రి, తెల్లారగట్ట మూడింటికి
నీళ్ళలో గాలి తగ్గిపోతుందనీ
రొయ్యలు నోళ్ళు తెరుచుకుని గట్టువారకి తేలతాయనీ
ఏరియేటర్లు తిరగతా ఉంటే
ఆ రొదలో చంటిబిడ్డ మాదిరి పడుకోవచ్చనీ.
"చప్పుడైతే గాదుమా మాకు మెలకువొచ్చేది,
చప్పుడు ఆగితే."

తలూపాను.
వినడమంటే తలూపడమనే అనుకుంటున్నానింకా.

ఉక్కపోత రోజు.
ఆయన "మావోడు" అని ఆగిన చోటే
కరెంటు పోయింది.
ఫ్యాను ఇంకో మూడు చుట్లు తిరిగి
నిలిచిపోయింది.

పోలయ్య దిగ్గున లేచాడు.
చేతులు మొలదగ్గర తడుముకున్నాయి,
అక్కడ లేని టార్చిలైటు కోసం.
కళ్ళు నా గదిలో లేవు.

"భయం లేదు, కూర్చోండి, ఇప్పుడే వస్తుంది"
నాలిక చివరిదాకా వచ్చింది.
మింగేశాను.
నేనూ లేచి నిలబడ్డాను.
ఎందుకంటే చెప్పలేను.
ఆయన చూస్తున్న వైపే చూశాను.
గోడ. కొక్కేలు.
కాసేపటికి, నీళ్ళు.

"ఆ రాత్రి నాకు మెలకువ రాలా"
అన్నాడు, ఆ నీళ్ళతోనే.
"పదేళ్ళల్లో ఒక్క రాత్రి.
వాడికొచ్చింది.
నాయన అలిసుండాడులే అని
నన్ను లేపకుండా పోయినాడు,
తడి చేతుల్తో, స్టార్టరు కాడికి.
మోటారు మళ్ళీ అందుకునింది గదా,
నేను ఇంకా బాగా నిద్రబోయినా."

వరండాలో ఎవరి బిడ్డో ఏడుస్తోంది.
చీటీల కౌంటరు దగ్గర తగువు.
చెమట నా మెడ వెంట జారుతోంది.
"మీ తప్పేం లేదు" అనే మాట
గొంతులో పైకి తేలింది, గుంటలో రొయ్యలాగే,
గాలి కోసం.
ఆ గాలి ఆయనకి కాదు, నాకు.
నోరు తెరవలేదు.

ఎంతసేపో తెలీదు.
మోకాళ్ళు లాగాక
ఇద్దరం ఒకేసారి కూలబడ్డాం.

"పేరేంటి?" అన్నాను.
"మస్తాను.
కసుమూరు దర్గాకి మొక్కుకుంటే పుట్టినాడు."
ఏడు నెలలుగా ఆ పేరు ఆయన నోట రాలేదని
అల్లుడు తరవాత చెప్పాడు,
బీడీ ఆర్పేసి, ఎటో చూస్తూ.

కరెంటొచ్చింది. మళ్ళీ కటకట.
పోలయ్య తలెత్తి
చాలాసేపు చెవి ఒగ్గాడు.
"బేరింగు పోయిందిమా.
వచ్చే బుధవారం గ్రీజు తెస్తాలే."

తెచ్చాడు, కాగితంలో చుట్టి.
బల్లెక్కి తనే పూశాడు.
నిద్ర సంగతి ఇంకా చెప్పలేదు,
నేనూ అడగలేదు.

నాకు మాత్రం ఈమధ్య
తెల్లారగట్ట వంటింట్లో ఫ్రిజ్జు ఆగితే
మెలకువ వస్తోంది.
లేచి మంచమ్మీద కూర్చుని
అది మళ్ళీ అందుకునేదాకా
వింటూ ఉంటాను.